సొంత దేశం కాదన్నప్పుడు...

ఆఫ్రికా మహిళలు పట్టుబట్టి రాయించుకున్న మపుటో ఒప్పందం వయసు ఇరవై ఏళ్లు దాటింది. దాని బలం ఎక్కడుంది? ఆ బలాన్ని ఎవరు తీసేస్తున్నారు?

2018 మే 11న, టాంజానియాలోని అరూషా పట్టణంలో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం మాలి ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ రోజు బోనులో నిలబడింది ఏదో ఒక అధికారి చేసిన తప్పు కాదు, పార్లమెంటు చేసిన చట్టం. 2011 డిసెంబరులో మాలి ఆమోదించిన కుటుంబ చట్టం ప్రకారం అబ్బాయి పెళ్లి వయసు 18 ఏళ్లు, అమ్మాయికి 16. ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే 15కే చేసేయొచ్చు. ఆ అనుమతి అబ్బాయి కోసమైతే తల్లి ఒప్పుకున్నా, తండ్రి ఒప్పుకున్నా చాలు. అమ్మాయి కోసమైతే తండ్రి మాటే చెల్లుతుంది, కన్నతల్లి అభిప్రాయంతో పని లేదు. మతపెద్ద పెళ్లి జరిపించేటప్పుడు వధువుకు ఇష్టమో కాదో కనుక్కోకపోయినా ఆయనకు శిక్ష లేదు. ఆస్తి విషయంలో, చనిపోయిన మనిషి వీలునామా రాసి ఉండకపోతే మతాచారమో స్థానిక ఆచారమో వర్తిస్తుంది. మాలిలో ఎక్కువ ఇళ్లలో దాని అర్థం కొడుకు వాటాలో కూతురికి సగం. వివాహ బంధానికి వెలుపల పుట్టిన బిడ్డకు హక్కుగా దక్కేది ఏమీ లేదు. ఈ నిబంధనలన్నీ మాలి తాను స్వయంగా ఒప్పుకున్న అంతర్జాతీయ బాధ్యతలకు విరుద్ధమని న్యాయస్థానం తేల్చి, చట్టాన్ని సవరించమని ఆదేశించింది.

అసలు మాలి మొదట రాసుకున్న చట్టం ఇలాంటిది కాదు. 2009 ఆగస్టులో ఆ దేశ పార్లమెంటు ఆమోదించిన బిల్లులో అమ్మాయికైనా అబ్బాయికైనా పెళ్లి వయసు 18. భార్య భర్త మాటకు లోబడి ఉండాలన్న పాత నిబంధనను కూడా అందులో తీసేశారు. దాని మీద రాజధాని బమాకో అట్టుడికిపోయింది. మత సంస్థల పిలుపు మీద వేలాది మంది స్టేడియం నిండా చేరి బిల్లును రద్దు చేయాలని నినదించారు. అధ్యక్షుడు అమడూ తుమానీ తూరే సంతకం పెట్టకుండా పార్లమెంటుకు తిప్పి పంపారు. రెండేళ్ల తర్వాత బయటికి వచ్చిన చట్టంలో అమ్మాయి వయసు 16కు దిగింది, భార్య విధేయత తిరిగి వచ్చింది. బిల్లును సమర్థించిన మహిళలు ఆ కాలంలో ఎంత భయం మధ్య బతికారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. చట్టం వచ్చిన నాలుగున్నరేళ్లకు కేసు వేశారేమని మాలి ప్రభుత్వం అభ్యంతరం చెబితే, ఆ రోజుల్లోని బెదిరింపుల వాతావరణాన్ని గుర్తు చేసి న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది.

ఆ మహిళల పక్షాన నిలిచి ఆలోచిద్దాం. పార్లమెంటు వెనక్కి తగ్గింది. అధ్యక్షుడు వెనక్కి తగ్గారు. వీధి మొత్తం అవతలి వైపు ఉంది. ఇక ఎవరికి చెప్పుకోవాలి? 2016 జులైలో ఏపీడీఎఫ్ అనే మాలి మహిళా సంఘం, గాంబియా కేంద్రంగా పనిచేసే ఒక మానవ హక్కుల సంస్థ కలిసి అరూషా మెట్లెక్కాయి. మపుటో ఒప్పందాన్ని ఉల్లంఘించారని ఆఫ్రికా న్యాయస్థానం ఒక దేశాన్ని తప్పుపట్టడం అదే మొదటిసారి. ఖండం మొత్తానికీ ఒక మహిళా హక్కుల చట్టం ఎందుకు అనే ప్రశ్నకు నాకు కనిపించే సమాధానం ఇదే. ఆ చట్టంలో ఎన్ని మంచి మాటలు ఉన్నాయన్నది రెండో విషయం. సొంత దేశం కాదన్నప్పుడు ఒక స్త్రీ ఎక్కగల మెట్లు ఇంకొకచోట ఉన్నాయా లేవా అన్నది మొదటి విషయం. ఒప్పందం విలువను ఎన్ని దేశాలు సంతకం పెట్టాయన్న లెక్కతో కొలుస్తూ వచ్చాం. ఎంతమంది మహిళలు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లగలరన్న లెక్కతో కొలవాలి. అలా కొలిస్తే ఆఫ్రికాలో ఈ పదేళ్లలో జరిగింది ముందడుగు కాదు, వెనకడుగు.

ఈ ఒప్పందం పుట్టుక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద వచ్చే మొదటి విమర్శకు జవాబు అక్కడే ఉంది. 1981లో ఆఫ్రికా దేశాలు మానవ హక్కుల పత్రం రాసుకున్నాయి. అందులో మహిళల గురించి ప్రత్యేకంగా ఉన్నది ఒకే ఒక్క ఉపనిబంధన. అది కూడా కుటుంబం గురించి, సంప్రదాయ విలువల పరిరక్షణ గురించి చెప్పే అధికరణంలో ఒక మూలన ఉంది. ఆ విలువల పేరుతోనే తమకు అన్యాయం జరుగుతున్నప్పుడు అదే అధికరణం తమను ఎలా కాపాడుతుందని ఆఫ్రికా మహిళా న్యాయవాదులు అడిగారు. 1995లో టోగో రాజధాని లోమేలో జరిగిన సమావేశంలో మహిళల కోసం విడిగా ఒక ఒప్పందం కావాలన్న డిమాండు వచ్చింది. ఎనిమిదేళ్ల రాతకోతలు, బేరసారాలు, పక్కనపెట్టడాలు, మళ్లీ పైకి తీయడాల తర్వాత 2003 జులై 11న మొజాంబిక్ రాజధాని మపుటోలో ఆఫ్రికన్ యూనియన్ దాన్ని ఆమోదించింది. 15 దేశాలు తుది ఆమోదముద్ర వేస్తేనే అది అమల్లోకి వస్తుంది. అందుకోసం మహిళా సంఘాలన్నీ ఒక కూటమి కట్టాయి. దేశాధినేతల సమావేశాలకు వెళ్లి, ఆమోదించిన దేశానికి ఆకుపచ్చ కార్డు, సంతకంతో ఆగిపోయిన దేశానికి పసుపు కార్డు, ఏమీ చేయని దేశానికి ఎర్ర కార్డు చూపించాయి. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే ఖండంలో ఆ కార్డులకు అర్థం ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. 2005 నవంబరు 25న ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇవాళ 55 సభ్య దేశాల్లో నలభైకి పైగా దాన్ని ఆమోదించాయి. ఈజిప్టు, మొరాకో సంతకం కూడా పెట్టలేదు.

ఇది పాశ్చాత్యుల నుంచి దిగుమతి చేసుకున్న సరుకు అన్నది అప్పటి నుంచి ఇప్పటివరకు వినిపిస్తున్న విమర్శ. ఒప్పందాన్ని చేతిలోకి తీసుకుని చదివిన వాళ్లు ఆ మాట అనలేరు. ఇందులో 32 అధికరణాలున్నాయి. భర్త చనిపోయిన స్త్రీని అవమానకరమైన తంతుల పాలు చేయకూడదని, పిల్లల సంరక్షణ ఆమెకే దక్కాలని, ఇష్టమైతే తనకు నచ్చిన మనిషిని మళ్లీ పెళ్లాడవచ్చని, భర్త ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకు ఉందని రాశారు. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని పేరు పెట్టి నిషేధించారు. వృద్ధ మహిళలకు, వికలాంగ మహిళలకు విడివిడిగా అధికరణాలు పెట్టారు. సైన్యం మీద పెట్టే ఖర్చు తగ్గించి ఆ డబ్బు సామాజిక అభివృద్ధికి, ముఖ్యంగా మహిళల కోసం మళ్లించాలని కూడా రాశారు. 1979లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన మహిళా ఒప్పందం, అంటే విమర్శకులు దిగుమతికి మూలమని చెప్పేది, వీటిలో చాలావాటి ఊసు ఎత్తదు. మహిళలపై హింస అన్న మాట కూడా దాని అధికరణాల్లో నేరుగా లేదు. వితంతువును ఇంట్లోంచి వెళ్లగొట్టి బంధువులు పొలం లాక్కోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే మపుటో ఒప్పందాన్ని రాయగలరు. జెనీవాలో కూర్చుని ఊహించి రాసే సంగతులు కావవి.

దీన్ని ఉపయోగించుకున్నప్పుడు ఏం జరిగిందో చూద్దాం. నైజీరియా రాజధాని అబుజాలో 2011 నుంచి 2013 మధ్య, రాత్రిపూట రోడ్డు మీద కనిపించిన ఆడవాళ్లను పట్టుకుని వేశ్యలని ముద్రవేసి వ్యానుల్లోకి ఎక్కించే దాడులు జరిగాయి. నగర పర్యావరణ పరిరక్షణ విభాగం సిబ్బంది, వాళ్లకు తోడు పోలీసులు, సైనికులు ఈ పని చేసేవారు. మగతోడు లేకుండా రాత్రి బయట ఉండటమే నేరానికి రుజువు. పట్టుబడిన వాళ్లలో డొరొతీ న్జెమాంజే అనే సినీ నటి ఉన్నారు. ఆమె, మరికొందరు మహిళలు పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ నడిపే న్యాయస్థానానికి వెళ్లారు. కింది కోర్టుల్లో ఏళ్ల తరబడి తిరిగి రావాల్సిన పని లేకుండా ఆ ప్రాంతపు పౌరులు నేరుగా కేసు వేయగల న్యాయస్థానం అది. 2017 అక్టోబరు 12న అది నైజీరియాను తప్పుపట్టింది. అదే వీధిలో, అదే వేళకు మగవాళ్లు తిరిగితే లేని అనుమానం ఆడవాళ్ల మీద ఎందుకన్నదే తీర్పు సారం. బాధితులకు పరిహారం చెల్లించమని ఆదేశించింది. మపుటో ఒప్పందం ఉల్లంఘన జరిగిందని అంతర్జాతీయ న్యాయస్థానం ఒకటి ప్రకటించడం అదే ప్రథమం.

సియెరా లియోన్‌లో దీనికన్నా స్పష్టమైన ఫలితం వచ్చింది. ఎబోలా విలయం తర్వాత 2015లో బడులు తెరిచినప్పుడు, గర్భవతులైన అమ్మాయిలు తరగతిలోకి రాకూడదని ప్రభుత్వం ప్రకటించింది. మిగతా పిల్లలకు చెడు ఆదర్శం అవుతారన్నది కారణం. ఎబోలా కాలంలో బడులు మూతపడి, ఇళ్లలో పెద్దలు చనిపోయి, ఆదుకునే దిక్కులేక అత్యాచారాల పాలైన పిల్లలు వాళ్లలో ఎందరో. కొన్ని బడుల్లో అమ్మాయిల పొట్టను, రొమ్ములను తడిమి చూసి గర్భం ఉందో లేదో తేల్చేవారు. ఆ పరీక్షకు భయపడి గర్భవతులు కాని పిల్లలు కూడా బడి మానేసిన సందర్భాలున్నాయి. వీళ్ల కోసం పెట్టిన ప్రత్యేక కేంద్రాల్లో వారానికి మూడు రోజులు, నాలుగు సబ్జెక్టులు మాత్రమే చెప్పేవారు. 2019 డిసెంబరులో ఎకోవాస్ న్యాయస్థానం ఈ నిషేధం చెల్లదని, వెంటనే ఎత్తివేయాలని తీర్పిచ్చింది. 2020 మార్చిలో ప్రభుత్వం ఎత్తివేసింది. ఐదేళ్లు దేశంలో ఎంత మొత్తుకున్నా కదలని నిర్ణయం, బయటి న్యాయస్థానం చెప్పాక కొద్ది నెలల్లో కదిలింది. నాలుగేళ్ల తర్వాత, 2024 జులైలో, అదే దేశం 18 ఏళ్లలోపు పెళ్లిళ్లను నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇక గట్టి అభ్యంతరం దగ్గరికి వద్దాం. ప్రజలకన్నా ముందు పరుగెత్తే చట్టం నిలవదు, దాని మీద తిరుగుబాటు వస్తుంది, చివరికి ఉన్నది కూడా పోతుంది అంటారు. ఈ మాట అనేవాళ్లలో మహిళల మేలు కోరేవాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి తేలిగ్గా తీసేయకూడదు. అరూషాలో మాలి చేసిన వాదన సరిగ్గా ఇదే: వీధుల్లో వచ్చిన ఒత్తిడి తట్టుకోలేనిది, శాంతి కోసం వెనక్కి తగ్గక తప్పలేదు. గాంబియా అనుభవం ఈ వాదనకు మరింత బలమిచ్చేలా కనిపిస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు జననాంగ ఛేదనకు గురైన దేశం అది. 2015లో నియంత యహ్యా జమ్మే ఒక్క ప్రకటనతో దాన్ని నిషేధించాడు, పార్లమెంటు చట్టం చేసింది. దాదాపు ఎనిమిదేళ్ల పాటు ఆ చట్టం కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. 2023 ఆగస్టులో పసిపిల్లలకు ఈ కోత చేసిన ముగ్గురు మహిళలకు కోర్టు తలా 15,000 దలాసీల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు విధించింది. ఒక ఇమామ్ ముందుకొచ్చి చందాలు పోగుచేసి ఆ డబ్బు కట్టాడు. కొద్ది నెలల్లోనే నిషేధాన్ని ఎత్తివేసే బిల్లు పార్లమెంటు ముందుకొచ్చింది. 2024 మార్చిలో 42 మంది దానికి అనుకూలంగా, నలుగురే వ్యతిరేకంగా ఓటేసి పరిశీలనకు పంపారు. 58 మంది సభ్యుల సభలో మహిళలు ఐదుగురు.

కానీ కథ అక్కడ ఆగలేదు. పార్లమెంటు కమిటీ వైద్యులను, మతపండితులను, కోత వల్ల నరకం చూసిన మహిళలను పిలిచి విన్నది. ఆడవాళ్లు తమ శరీరానికి ఏం జరిగిందో, ప్రసవ సమయంలో ఏం అనుభవించారో మగ సభ్యుల ఎదుట కూర్చుని చెప్పారు. 2024 జులై 15న అదే సభ ఆ బిల్లును తిప్పికొట్టింది, నిషేధం నిలిచింది. ముందు ప్రజల మనసు మారాలి, తర్వాత చట్టం రావాలి అనేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇందులో ఉంది. చట్టం నిద్రపోతున్నంత కాలం ఆ దేశంలో దీని మీద ఇంత బహిరంగ చర్చ జరగలేదు. చట్టం మొదటిసారి పనిచేసినప్పుడే దేశం మొత్తం నోరు తెరిచింది, పార్లమెంటు సాక్ష్యాలు విన్నది. చర్చకు చోటు కల్పించింది చట్టమే. పైగా, తిరుగుబాటు ఎప్పుడొచ్చినా మొదట తాకట్టు పెట్టేది ఆడపిల్ల హక్కునే కావడం దగ్గర కూడా ఆగి ఆలోచించాలి. మాలిలో శాంతి కోసం ప్రభుత్వం చెల్లించిన ధర పదిహేనేళ్ల అమ్మాయిల బాల్యం. ఆ ధర చెల్లించిన వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆచారం అనే మాటను కూడా కొంచెం జాగ్రత్తగా చూడాలి. మపుటో ఒప్పందం ఆచారాలను కొట్టిపారేయలేదు. మేలు చేసే సాంస్కృతిక వాతావరణంలో బతికే హక్కు మహిళలకు ఉందని, ఆ సంస్కృతి ఎలా ఉండాలో నిర్ణయించడంలో వాళ్లకు పాలు ఉండాలని 17వ అధికరణం చెబుతుంది. బోట్స్వానాలో ఎడిత్ మ్ముసి అనే వృద్ధురాలు, ఆమె అక్కాచెల్లెళ్లు వేసిన కేసు దీనికి చక్కని ఉదాహరణ. తల్లిదండ్రుల ఇంట్లో ఏళ్లుగా ఉంటూ, మరమ్మతులకు తమ డబ్బే పెట్టిన ఆ అక్కాచెల్లెళ్లను ఖాళీ చేయమన్నాడు వరసకు మేనల్లుడు. అక్కడి న్‌గ్వాకెట్సే తెగ ఆచారం ప్రకారం పుట్టిల్లు కనిష్ఠ కుమారుడిదని, ఆ వరసలో అది తనకు వచ్చిందని అతని వాదన. 2012లో హైకోర్టు, 2013 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ మహిళల పక్షాన తీర్పు చెప్పాయి. అప్పీలు కోర్టు దారి మరీ గమనించదగ్గది. ఆచారం కాలంతో పాటు మారుతూ వచ్చిందని, ఆడపిల్లలకు ఇల్లు దక్కకూడదనే నియమం ఇప్పటి ఆచారంలోనే లేదని అది తేల్చింది. ఆచారం పేరు చెప్పి వాదించేవాడు చాలాసార్లు పాతకాలపు ఒక ముక్కను, తనకు లాభమైన ముక్కను, పట్టుకుని అదే మొత్తం అంటాడు. ఆ మాటను పరీక్షించే చోటు కోర్టు. అందుకే కోర్టు దాకా వెళ్లే దారి అంత ముఖ్యం.

ఇన్ని చట్టాలున్నా ఏం మారింది, అంతా కాగితాల మీదే కదా అనే నిస్పృహ మరో అభ్యంతరం. ఇది తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీకి ముందు పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఈ నలభై ఏళ్లలో ఎంతమంది ఆడపడుచులు పసుపు కుంకుమల పేరుతో ఇచ్చింది పుచ్చుకుని, నాకేమీ వద్దని రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చారో మన ఊళ్లన్నిటికీ తెలుసు. అయినా ఒక్క తేడా వచ్చింది. చట్టానికి ముందు అన్నదమ్ములకు ఆ సంతకంతో పనే లేదు. ఇప్పుడు అడగాలి. అడిగినప్పుడు పెట్టనని చెప్పే అవకాశం ఒకటుంది, ఆ మాట చెప్పేవాళ్లు ఏటా కొందరైనా పెరుగుతున్నారు. జింబాబ్వేలోనూ ఇలాంటి మార్పే చూస్తాం. 1999లో వెనియా మగయ అనే స్త్రీకి తండ్రి ఆస్తి మీద హక్కు లేదని, ఆచారం ప్రకారం కొడుకే వారసుడని ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి రాజ్యాంగమే ఆచార చట్టాలను సమానత్వ సూత్రం నుంచి మినహాయించింది. 2013లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 2016 జనవరిలో, బాల్యంలోనే పెళ్లయిన ఇద్దరు యువతులు వేసిన కేసులో 18 ఏళ్లలోపు పెళ్లి ఎవరికీ చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం ప్రకటించింది. రాత మారకుండా ఈ తీర్పు వచ్చేదే కాదు.

ఒప్పందం కాగితం దాటి రావడానికి కొన్నిసార్లు ఇంకో కాగితమే అడ్డు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 2018 మార్చిలో మపుటో ఒప్పందాన్ని అధికారిక గెజిట్‌లో అచ్చువేశారు. దాంతో అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని, తల్లి ఆరోగ్యానికి ముప్పున్న గర్భాన్ని వైద్యుల చేత తీయించుకోవచ్చన్న 14వ అధికరణం అక్కడ చట్టబద్ధంగా పనిచేయడం మొదలైంది. ఏళ్ల తరబడి యుద్ధంలో అత్యాచారాన్ని ఆయుధంగా వాడుతున్న దేశంలో ఆ అచ్చుకున్న విలువ అంతా ఇంతా కాదు. కెన్యా మాత్రం 2010లో ఒప్పందాన్ని ఆమోదిస్తూనే ఆ నిబంధన తనకు వర్తించదని మినహాయించుకుంది. 2014లో అత్యాచారానికి గురైన ఒక బాలిక నాటు పద్ధతిలో గర్భస్రావం చేయించుకుని, దాని ఫలితంగా 2018లో చనిపోయింది. సురక్షిత గర్భస్రావంపై ఆరోగ్య శాఖ తయారుచేసిన మార్గదర్శకాలను అంతకుముందే ప్రభుత్వం ఉపసంహరించింది. ఆ ఉపసంహరణ చెల్లదని 2019 జూన్‌లో నైరోబీ హైకోర్టు చెప్పింది. మినహాయింపులు శాశ్వతం కావు. రువాండా ఇదే నిబంధనపై పెట్టుకున్న మినహాయింపును 2012లో వదులుకుంది. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న, ఉగాదికి సెలవిచ్చే మారిషస్ కూడా 2017లో ఒప్పందాన్ని ఆమోదించి, 2020లో బాలల చట్టం తెచ్చి, తల్లిదండ్రుల అంగీకారంతో 18 ఏళ్లలోపు పెళ్లి చేసే వెసులుబాటును తీసేసింది.

ఇన్ని చెప్పాక అసలు ప్రమాదం దగ్గరికి రావాలి. అరూషా న్యాయస్థానానికి ఒక వ్యక్తి గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ నేరుగా వెళ్లాలంటే ఆ దేశ ప్రభుత్వం ముందుగా ఒక ప్రత్యేక ప్రకటన చేసి ఉండాలి. న్యాయస్థానాన్ని గుర్తించిన దేశాలు ముప్పైకి పైగా ఉన్నా, ఈ ప్రకటన చేసినవి మొత్తం 12. మాలి వాటిలో ఒకటి కాబట్టే 2018 తీర్పు సాధ్యమైంది. 2016లో రువాండా ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. 2019లో టాంజానియా, 2020లో బెనిన్, కోట్ డివార్, 2025లో ట్యునీషియా అదే పని చేశాయి. మా సార్వభౌమాధికారం మీద బయటివాళ్ల పెత్తనం ఏమిటన్నది వాటి వాదన. ఈ న్యాయమూర్తులు బయటివాళ్లు కారు, ఆఫ్రికా ప్రభుత్వాలే ఎన్నుకున్న ఆఫ్రికన్లు. పైగా రువాండా, బెనిన్, కోట్ డివార్‌ల విషయంలో గొడవ ప్రతిపక్ష నాయకులు వేసిన కేసుల దగ్గర మొదలైంది. పాలకులకు తమ రాజకీయ ప్రత్యర్థుల మీద కోపం వచ్చింది, మూసిన తలుపు మాత్రం ఆడవాళ్ల ముఖం మీద కూడా పడింది. టాంజానియా సంగతే చూడండి. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పదిహేనేళ్లకే అమ్మాయి పెళ్లి చేయొచ్చన్న 1971 నాటి చట్టం రాజ్యాంగ విరుద్ధమని 2019 అక్టోబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఖరారు చేసింది. సవరణకు కోర్టు ఇచ్చిన ఏడాది గడువు సవరణ లేకుండానే దాటిపోయింది. సొంత కోర్టు మాటను సొంత ప్రభుత్వం వినకపోతే వెళ్లాల్సిన న్యాయస్థానం ఆ దేశంలోనే, అరూషాలోనే ఉంది. తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే టాంజానియా తన ప్రకటనను ఉపసంహరించుకుంది.

గాంబియా రాజధాని బాంజుల్‌లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ఉంది కదా, అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు కదా అని అడగవచ్చు. వెళ్లవచ్చు. ఇథియోపియాలో 2001లో అపహరణకు, అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలిక తరఫున కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. అత్యాచారం చేసినవాడు బాధితురాలినే పెళ్లాడితే శిక్ష తప్పించుకోగల చట్టం అప్పట్లో అక్కడ ఉండేది. కమిషన్ ఇథియోపియాను తప్పుపట్టి, ఆమెకు 1,50,000 డాలర్ల పరిహారం ఇవ్వమంది. నేరం జరిగిన నాటికీ ఆ నిర్ణయానికీ మధ్య పద్నాలుగేళ్లు గడిచాయి, పైగా కమిషన్ చెప్పేది సిఫారసే. న్యాయస్థానం ఇచ్చేది ఆదేశం. దాని అమలులో కూడా ప్రభుత్వాలు జాప్యం చేస్తాయనడంలో సందేహం లేదు, మాలి కూడా ఇచ్చిన గడువులోగా తన చట్టాన్ని సవరించలేదు. అయితే ఆ చట్టం తప్పని తేలిపోయింది. రేపు బమాకోలో ఏ మహిళా సంఘం సవరణ అడిగినా అది ఇక విన్నపం కాదు, అమలు కాని ఆదేశాన్ని అమలు చేయమని అడగడం.

2025 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ మహిళలు, బాలికలపై హింసను అంతం చేయడానికి మరో ఒప్పందాన్ని ఆమోదించింది. మంచిదే. కానీ కొత్త ఒప్పందాల కోసం మరో పదేళ్లు సంతకాలు సేకరించడం కన్నా, ఉన్న ఒప్పందాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లనివ్వమని ప్రభుత్వాలను అడగడం ఎక్కువ ఫలితమిస్తుంది. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సంస్థ అక్కర్లేదు, ప్రభుత్వం ఒక ప్రకటన మీద సంతకం పెడితే చాలు. 55 దేశాల ఖండంలో ఆ ప్రకటనకు ఇవాళ కట్టుబడి ఉన్నవి ఏడే: ఘనా, మలావీ, గాంబియా, గినీ బిస్సావ్, మాలి, బుర్కినా ఫాసో, నైజర్. వీటిలో చివరి మూడు 2025 జనవరి 29న ఎకోవాస్ నుంచి తప్పుకున్నాయి. అబుజాలో న్జెమాంజేకు, సియెరా లియోన్ బడిపిల్లలకు న్యాయం చెప్పిన న్యాయస్థానం ఆ మూడు దేశాల మహిళలకు దూరమైంది. వాళ్లకు మిగిలిన న్యాయస్థానం అరూషా ఒక్కటే.